తీగల తొవ్వలో – 9: పటాడి చేతిలో కింగ్రి

గత భాగం స్పెయిన్‌లోని అల్మేరియాలో ఆగింది. చిన్నతనంలోనే వడ్రంగం నేర్చుకోవడానికి చేరిన అంటోనియో డి టోరెస్, 1892లో చనిపోయేనాటికి గిటార్ రూపాన్నే మార్చేశాడు. క్లాసికల్ గిటార్‌ను ఇవాళ ఎవరు కట్టినా ఆయన తీర్చిన కొలతలనే తలుచుకోవాలి. నాదమంతా పైపలకలోనే ఉందని, వీపూ పక్కలూ దానికి తోడు మాత్రమేనని చూపించడానికి 1862లో ఆయన ఒక గిటార్‌కు వీపూ పక్కలూ అట్టతో కట్టాడు. ఆ అట్ట గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

ఆ కాలపు గిటార్ ఒకటి అమ్మకానికి వస్తే, కొనేవాళ్లు ముందు నాదరంధ్రంలోకి తొంగిచూస్తారు. లోపల అంటించిన చీటీ మీద చేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం ఉంటాయి. పైపలక పగిలిందా, పాలిష్ మొదటిదేనా, కర్ర ఏది, ఎవరెవరి చేతులు మారింది అనే విచారణ ఆ తరవాత. వాయించడానికి కొనేవాళ్లయినా, దాచుకోవడానికి కొనేవాళ్లయినా ఆ చీటీ దగ్గరే మొదలుపెడతారు.

మరి చీటీ లేని వాద్యానికి విలువ కట్టేదెలా? చేసినవాడు పేరు చెక్కుకోలేదు, ఏ ఏటిదో ఎవరూ రాసిపెట్టలేదు, అయినా తాత నుంచి మనవడికి చేరుతూ మోగుతూనే వచ్చింది. అలాంటి తీగవాద్యాన్ని వెతుక్కుంటూ వెళితే తొవ్వ గోదావరి దాటి ఆదిలాబాద్ గుట్టల్లోకి పోతుంది.

అక్కడికి చేరేముందు ఒక చెట్టు గురించి చెప్పుకోవాలి. గిటార్ వీపుకూ పక్కలకూ చాలాకాలం బ్రెజిల్ రోజ్‌వుడ్‌నే మేలైనదిగా ఎంచారు. 1960ల చివర్లో బ్రెజిల్ ఆ దుంగల ఎగుమతిని ఆపేసింది. 1992లో అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం ఆ చెట్టును అన్నిటికంటే కఠినమైన జాబితాలో చేర్చింది. ఆనాటి నుంచి ఆ కర్రతో చేసిన పాత గిటార్‌ను దేశం దాటించాలన్నా కాగితాలు చూపించాల్సిందే. బ్రెజిల్ కర్ర దొరకని రోజుల్లో స్పెయిన్, అమెరికా, జపాన్ పనివాళ్లు భారతదేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగారు. అదే మన జిట్రేగి. నీలగిరి, మలబారు అడవులు దానికి పేరుపడ్డ చోట్లు. ఆదిలాబాద్ టేకు అడవుల్లో కూడా అక్కడక్కడా ఉంటుంది. 1970ల తరవాత కట్టిన మంచి గిటార్లలో చాలావాటికి వీపు మన దేశపు చెట్టుదే. కర్ర కోసం లోకమంతా ఇటు చూసింది. ఆ చెట్ల నడుమ బతుకుతూ, మూడు తీగల మీద ఒక జాతి చరిత్రను నిలబెట్టిన వాళ్లవైపు చూసినవాళ్లు తక్కువ.

ఆ వాద్యం పేరు కింగ్రి. కొందరు కిక్రి అంటారు. తొలిచిన కర్ర, దాని ముఖాన బిగించిన తోలు, పైకి సాగిన మెడ, మూడు తీగలు, ఒక కమాను. మెట్లు లేవు. మీటేది కాదు, కమానుతో పలికించేది. నర్మద ఎగువన, మధ్యప్రదేశ్‌లోని మండ్ల ప్రాంతంలో దీనికి దగ్గరి చుట్టం ఉంది, దాన్ని బానా అంటారు. బానాకు తీగలుగా లోహం వాడరు, గుర్రపు తోక వెంట్రుకలను కట్టలుగా చేర్చి బిగిస్తారు. కమానుకూ అవే వెంట్రుకలు. వెంట్రుక మీద వెంట్రుక రాసుకుంటే స్వరం ఒంటరిగా రాదు, చుట్టూ ఒక జీరను వెంటేసుకుని వస్తుంది. మనిషి గొంతుకు అంత దగ్గరగా ఉండబట్టే కథ చెప్పేవాడికి ఇది రెండో గొంతు అయింది.

గిటార్ పైపలక స్ప్రూస్‌దైనా సీడార్‌దైనా రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి మించదు. గాలిలో తేమ సగానికి అటూ ఇటూ నిలకడగా ఉంటేనే అది క్షేమం. విలువైన గిటార్ ఉన్నవాళ్లు పెట్టెలోనే తేమ కొలిచే పరికరం పెట్టుకుంటారు. ఆదిలాబాద్‌లో ఎండాకాలం 45 డిగ్రీలకు చేరుతుంది, చలికాలం 5 డిగ్రీల దాకా దిగుతుంది, నడుమ వానాకాలమంతా ముసురు. ఏ పైపలకకైనా ఇది పరీక్షే. ఆ గాలిలోనే పుట్టిన కింగ్రికి వేరే ఉపాయం ఉంది. తోలు చిరిగితే మార్చుకోవచ్చు. వెంట్రుకలు తెగితే కొత్తవి కట్టుకోవచ్చు. ఏ భాగం పాతబడినా వాద్యం పాతబడదు. అందుకే పాత గిటార్ల మార్కెట్‌లో ప్రాణంలాంటి ప్రశ్న, 'ఇందులో ఎంత భాగం అసలుది?' అన్నది, కింగ్రి దగ్గర అర్థం కోల్పోతుంది. దానిలో అసలుది కర్రా కాదు, తోలూ కాదు. ఎవరి కోసం ఏ కథ పాడుతుందో అదీ అసలుది.

కింగ్రిని పట్టేవాళ్లు ప్రధానులు, తోటీలు. రాజగోండులకు వీళ్లు వంశపారంపర్యంగా గాయకులు, చరిత్రకారులు. గోండులు ప్రధాన్‌ను పటాడి అని పిలుస్తారు. ఆదిలాబాద్ ప్రధానుల ఇంటి భాష మరాఠీ, పాడేది మాత్రం గోండీలో. అదీ రోజూ మాట్లాడుకునే గోండీ కాదు, పాత గోండీ. తోటీల ఇంటి భాష గోండీయే. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తోటీలు ఐదు వేల మందికి లోపే.

గోండుల వంశాలన్నీ నాలుగు సగల కింద వస్తాయి. ఏడుగురన్నదమ్ముల సగ, ఆరుగురిది, ఐదుగురిది, నలుగురిది. మెస్రం, ఆత్రం, మడావి, తొడసం, కుర్సెంగ, ఇలా ప్రతి ఇంటిపేరూ ఏదో ఒక సగలోకి చేరుతుంది. ఏ సగవాళ్లు ఏ సగతో వియ్యమందాలి, ఎవరి దేవత ఎక్కడ వెలిసింది, ఆ దేవతను మొదట ఎవరు కొలిచారు అన్నదంతా పటాడి నోట ఉండేది. వంశదేవత పెర్సాపేన్‌కు చేసే కొలుపులో పటాడి రావాల్సిందే. పెళ్లికీ రావాలి, చావుకూ రావాలి. కర్మ జరిగినప్పుడు పోయినవాళ్ల బట్టలు, పాత్రలు పటాడికి ముట్టేవి. కలిగినవాళ్లయితే ఆవునో ఎద్దునో ఇచ్చేవాళ్లు.

కథ చెప్పే తీరు కూడా తెలుసుకోదగ్గది. పెద్ద పటాడి కింగ్రి వాయిస్తూ కథ నడుపుతాడు. పక్కన ఇద్దరు వంత. ఆయన ఒక చరణం అందించి కమాను లాగితే వాళ్లు చివరి మాటలు అందుకుంటారు. ఆ లోపల ఆయన తరవాతి చరణాన్ని మనసులో పేర్చుకుంటాడు. పుస్తకం లేదు, కాగితం లేదు. గంటల తరబడి నడిచే గాథలో దారి తప్పకుండా ఉండడానికి ఆ మూడు తీగలే ఆసరా. వినేవాళ్లలో ముసలివాళ్లకు కథ ముందే తెలుసు. తప్పు పడితే పట్టుకునేదీ వాళ్లే. ఒక సంగీత కచేరీని ఇంత కఠినంగా పరీక్షించే శ్రోతలు మరో చోట దొరకడం కష్టం.

ఈ సంగతులు బయటి ప్రపంచానికి చేరడం వెనక ఒక యుద్ధం ఉంది. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి నిజాం రాజ్యం దాటొద్దని కట్టడి చేసింది. ఆ కట్టడిలోనే ఆయన నల్లమల చెంచుల మధ్యకు, పాపికొండల రెడ్ల మధ్యకు, ఆ తరవాత ఆదిలాబాద్ గోండుల మధ్యకు వెళ్లాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తరవాతి రోజులవి. గోండుల కోపానికి కారణమేమిటో నిజాం సర్కారు కూడా తెలుసుకోక తప్పని పరిస్థితి.

హైమన్‌డార్ఫ్, భార్య ఎలిజబెత్ కలిసి ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఆయన రాసిన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వెలువడింది. అందులోని పురాణగాథలకు మూలం ప్రధానుల నోళ్లే. పుస్తకం అట్ట మీద రచయిత పేరు ఒక్కటే ఉండొచ్చు. కానీ చెప్పినవాళ్లు లేనిదే ఆ పుస్తకం లేదు. వాళ్ల చేతుల్లో కింగ్రి లేనిదే ఆ చెప్పడమూ లేదు. ఎలిజబెత్ 1987లో చనిపోయింది. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది.

గోదావరికి దక్షిణాన, పాత కరీంనగర్ జిల్లాలో బతికేవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. అక్కడా ప్రతి కులానికీ తన పురాణం చెప్పే ఆశ్రిత గాయకులు ఉన్నారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలివాళ్లు, గొల్ల కురుమలకు మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథను దేశమంతా వినిపించాడు. ఏ ఊళ్లో ఎవరు అడుక్కోవాలో అది మిరాశి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు భూమి పంచుకున్నట్టే మిరాశి ఊళ్లను పంచుకునేవాళ్లు. వాద్యం దగ్గరే తేడా. ఒగ్గువాళ్లకు డోలు, ఒగ్గు. డక్కలివాళ్లకు కిన్నెర. శారదకథవాళ్లకు భుజాన తీగల శారద. గాయకుడి చేతిలో ఉన్నది చూస్తే చాలు, ఎవరింటి ముందు నిలబడతాడో, ఎవరి పుట్టుక చెబుతాడో ఊరివాళ్లు గుర్తుపట్టేవాళ్లు. టోరెస్ గిటార్‌లో చీటీ చేసే పని ఇక్కడ వాద్యమే చేసింది.

కింగ్రికి తనదైన పుట్టుకకథ ఉంది. ఆదిలాబాద్ గాథల్లో మొదటి పటాడి పేరు హీరాసుక. గోండులకు ధర్మం నేర్పిన పహండి కుపార్ లింగాల్ వెంట ఉన్నది ఆయనే. మహారాష్ట్రలోని గోండియా జిల్లాలో కచార్‌గఢ్ గుహ దగ్గర మాఘపున్నమికి పెద్ద జాతర జరుగుతుంది. అక్కడ చెప్పుకునే కథలో గోండు దేవతలు గుహలో బందీలుగా ఉంటారు. గుహవాకిట అడ్డంగా బండ. హీరాసుక కింగ్రి వాయిస్తాడు. ఆ నాదానికి లోపలివాళ్లకు బలం వచ్చి బండను నెడతారు. బండ కదులుతుంది, దేవతలు బయటపడతారు, దొర్లిన బండ కింద హీరాసుక నలిగిపోతాడు. జాతి విడుదలకు ప్రాణమిచ్చిన మొదటి మనిషిగా ఒక వాద్యకారుడిని నిలబెట్టుకున్న కథ ఇది. యుద్ధవీరుడు కాదు, రాజు కాదు, కింగ్రి పట్టినవాడు. ఒక వాద్యానికి ఇంతకంటే పెద్ద మర్యాద ఏ జాతి ఇచ్చి ఉంటుంది!

అలాంటి వాద్యం అటకెక్కడానికి కారణం సినిమా పాట ఒక్కటే కాదు. ముందు నేల పోయింది. పటాడికి ఆవునిచ్చేది పంట పండిన గోండు రైతు. ఇరవయ్యో శతాబ్దంలో బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి గోండుల భూములు ఎలా జారిపోయాయో హైమన్‌డార్ఫే 1979లో వెలువడిన మరో పుస్తకంలో వివరంగా రాశాడు. ఏజెన్సీ భూముల బదలాయింపును అడ్డుకోవడానికి 1959 నాటి చట్టం ఉంది, 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా గొడవ తెగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల దాకా వచ్చింది. ఇచ్చే చెయ్యే ఖాళీ అయ్యాక కొలుపులో దక్కే ఆవు మేకగా, మేక నోటుగా మారిపోయింది. ప్రధాన్ కుటుంబాల్లో పిల్లలు బడికి, అక్కణ్నుంచి ఉద్యోగాలకు వెళ్లారు. వెళ్లడమే మంచిది. పాట నిలవాలని ఒక కుటుంబాన్ని పేదరికంలో ఉండమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మండ్ల వైపు ఇదే కథ మరో మలుపు తిరిగింది. అక్కడి ప్రధానులు బానాతో బడాదేవ్‌ను పిలుస్తారు. బడాదేవ్ సాజా చెట్టులో, అంటే మన నల్లమద్దిలో ఉంటాడని వాళ్ల నమ్మకం. షామ్‌రావ్ హివాలే 1946లో ఆ ప్రధానుల మీద పుస్తకం రాశాడు. 1980ల మొదట్లో చిత్రకారుడు జె.స్వామినాథన్ భోపాల్ భారత్ భవన్ కోసం కళాకారులను వెతికిస్తున్నప్పుడు పటన్‌గఢ్ అనే ప్రధాన్ ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రాడి గోడబొమ్మలు కంటపడ్డాయి. బానా మీద పాడే దేవతలను అతను రంగుల్లో దించాడు. గోండు చిత్రకళ పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన శైలి అతని చేతి నుంచి, అతని వెనక నడిచిన ప్రధాన్ కుటుంబాల నుంచి వచ్చిందే. జన్‌గఢ్ 2001లో జపాన్‌లో చనిపోయాడు. అక్కడ పటాడి పని కుంచెలోకి మారి బతికింది. ఆదిలాబాద్‌లో అలాంటి మలుపు రాలేదు. కానీ ఇక్కడి ప్రధానులు, గోండులు మరొకటి దాచిపెట్టారు. నార్నూర్ మండలం గుంజాలలో 2006లో బయటపడిన రాతప్రతుల్లో గోండీకి సొంత లిపి కనిపించింది. వాటిలో కొన్ని 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. 2018లో ఆ గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది.

గుంజాల ప్రతుల మీద పనిచేసిన జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఇద్దరూ తెలంగాణ జానపద, గిరిజన వాద్యాలను ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి సేకరించినవాళ్లు కూడా. ఆదిధ్వని అన్న పేరుతో సాగిన ఆ పని లేకపోతే చాలా వాద్యాల రూపం కూడా మిగిలేది కాదు. ఇలాంటి సేకరణ అవసరమే. అయితే ఏం సేకరించాలన్నది తేల్చుకోవాలి.

స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా వాయించిన రెండు గిటార్లను చూడండి. 1912లో మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెస్ కార్ఖానాలో తయారైనది ఒకటి, 1937లో జర్మనీలో హెర్మన్ హౌసర్ చేసినది రెండోది. రెండూ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. కచేరీ వేదిక దిగి అద్దాల వెనక్కి వెళ్లాయని బాధపడక్కర్లేదు. వాటి గొంతు రికార్డుల్లో ఉంది. వాటి మీద ఏ రచన ఎప్పుడు వాయించారో రాసి ఉంది. కొలతలు తీసుకుని అలాంటివే మళ్లీ కట్టే పనివాళ్లున్నారు. అంటే వాద్యం, పాట, చేసే పద్ధతి మూడూ కలిసే భద్రంగా ఉన్నాయి.

అదే ఒక కింగ్రిని ఇంట్లోంచి కొనుక్కెళ్లి 'తీగవాద్యం, ఆదిలాబాద్, కర్ర, తోలు' అని చీటీ రాసి గోడకు తగిలిస్తే మిగిలేది కర్రా తోలే. రాయాల్సిన చీటీ వేరు. ఏ ఊరి ఏ ప్రధాన్ కుటుంబానిది? వాళ్ల మిరాశిలో ఏ గోండు వంశాలున్నాయి? ఏ సగ గాథ దీని మీద నడిచింది? తీగలను ఏ వరసలో శ్రుతి చేసేవాళ్లు? తోలు ఏ జంతువుది, ఎవరు బిగించారు? కథ మొదలుపెట్టేముందు ఏ దేవతను తలిచేవాళ్లు? ఈ జవాబులు వాయించిన మనిషి బతికుండగానే దొరుకుతాయి. ఆయన పాడుతుండగా పూర్తిగా రికార్డు చేయాలి. పది నిమిషాల ముక్క కాదు, రాత్రంతా సాగే గాథ మొత్తం, వంతపాటతో సహా. రికార్డు ప్రతి మొదట ఆ కుటుంబానికే చేరాలి. కింగ్రి కూడా వీలైతే ఆ ఇంట్లోనే ఉండాలి. మ్యూజియానికి కావాల్సి వస్తే అదే కుటుంబం చేత, తగిన కూలి ఇచ్చి, కొత్తది చేయించుకోవచ్చు. అప్పుడు చేసే విద్య కూడా ఒక తరం ముందుకు నడుస్తుంది. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలోని ముఖాలను గుర్తుపట్టగల పెద్దలు మార్లవాయి చుట్టుపక్కల ఉండగానే ఆ బొమ్మలు ఇక్కడికి రావడం, పేర్లు రాయించుకోవడం జరగాలి. ఇది ఖర్చుతో కూడిన పని కాదు, ఆలస్యం చేయకూడని పని.

ఇంకా వేళ మించిపోలేదనడానికి రుజువు కేస్లాపూర్. ఇంద్రవెల్లి మండలంలోని ఈ ఊళ్లో ఏటా పుష్యమాస అమావాస్యకు మెస్రం వంశంవాళ్లు నాగోబాను కొలుస్తారు. అంతకుముందు కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. జాతరలో మెస్రం వంశపు ప్రధానులు డోలు, పేప్రె, కాలికోం మోగిస్తారు, వంశచరిత్ర చెబుతారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే బేటింగ్ కూడా అప్పుడే. జాతరకు మంత్రులొస్తారు, అధికారులొస్తారు, దర్బారు జరుగుతుంది, టీవీ కెమెరాలొస్తాయి. ఆ కెమెరాల్లో ఒక్కటి ఒక రాత్రి పటాడి పక్కన కూర్చుని తెల్లవారేదాకా కదలకుండా ఉంటే, పైన చెప్పిన ప్రశ్నల్లో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

వచ్చే భాగంలో: మెట్లున్న తీగవాద్యం. పాలమూరు డక్కలి కిన్నెర పన్నెండు మెట్లెక్కిన కథ, 2022లో దర్శనం మొగిలయ్య పద్మశ్రీ దాకా.

(సశేషం)